కుడి కొమ్మ మీది కాయ

స్ప్రింగ్‌ఫీల్డ్, మసాచుసెట్స్
అక్టోబరు 18, 1971

మామయ్యా,

నిన్న సంఘం సమావేశంలో కుర్చీ ఎక్కి నిలబడ్డాను. మాటవరసకు అనడం లేదు, బూట్లతో సహా ఎక్కాను. దిగమని డాక్టర్ క్విన్‌బీ బతిమాలాడు. దిగలేదు. అమ్మ ఎలాగూ నీకు చాడీలు రాస్తుంది కాబట్టి ముందే నేను చెప్పేస్తున్నాను.

ఈసారి మన పాతరాగి సంఘం వాళ్ళు ఊస్టర్‌లో ఒక చర్చి నేలమాళిగలో కలిశారు. పొద్దుటినుంచీ ఏం వెలగబెట్టారో తెలుసా? పాత రాగి సెంటు నాణేనికి నిగారింపు రావడానికి ముక్కు పక్కన వేలు రుద్ది ఆ జిడ్డు పూయవచ్చా, కూడదా అని వాదించుకున్నారు. ఒక పెద్దాయన లేచి, "మా నాన్న ముక్కు పుణ్యమే ఈ సెంటు ఇలా ఉంది" అన్నాడు. "అయితే ఆ ముక్కునీ వేలంలో పెట్టండి" అని వెనకనుంచి ఎవరో అరిచారు. చివరికి ఓటింగు పెట్టారు. ముక్కు గెలిచింది. దేశం తగలబడుతుంటే వీళ్ళు తీర్మానించింది ఇది!

తరవాత నాణేల పళ్ళేలు తిప్పారు. నాణెం చేతికి రాగానే ఎవరూ నోరు విప్పరు కదా, తుంపర పడితే రాగి మీద నల్లమచ్చ లేస్తుందని. గది అంతా చెవులు మూసేసినట్టుంది. అప్పుడు ఎక్కాను కుర్చీ.

"మా మామయ్య ఎల్వెజియో బార్దోసీ తన 1797 సెంటును జూన్‌లో మీకు పంపాడు. వెనకవైపు ఆకుదండలో, కుడి కొమ్మ మీద, ఇంతవరకూ ఎవరూ చూడని కాయ ఒకటుంది. ముగ్గురు సభ్యులు చేతపట్టి చూసి 'అవును, ఇది కొత్త అచ్చుతో కొట్టిన నాణెమే' అంటే దానికి సంఖ్య వేసి, కనుక్కున్నవాడి పేరు పక్కన అచ్చువేయాలని నియమం మీదే. డాక్టర్ గారూ, మీరు చూశారు. మిస్ యూలాలీ చూసింది. ఆ మూడో మనిషిని వెతకడానికి ఇన్ని నెలలా? ఆయన ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము. ఇంకా ఎన్నాళ్ళు ఆగమంటారు?" అన్నాను.

క్విన్‌బీ గొంతు సవరించుకుని, "బాబూ, తొందర రాగికి మంచిది కాదు" అన్నాడు. మన పత్రిక నడిపే మిస్ యూలాలీ అయితే తల ఎత్తలేదు. భూతద్దం తుడుస్తూనే ఉంది. ఆ అద్దం అరిగిపోయి ఉంటుంది ఈపాటికి.

నాకు అర్థమైంది మామయ్యా. పళ్ళ డాక్టర్లు, వకీళ్ళు, లైబ్రరీ దొరసానులు. ఇటలీ నుంచి వచ్చి సమాధి రాళ్ళు చెక్కిన మనిషి పేరు వాళ్ళ పేర్ల పక్కన పడితే పరువు పోతుంది. నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఇదే ఉంది, పేర్లే మారతాయి. వీళ్ళను వదలను.

లివియో


బారీ, వెర్మాంట్
అక్టోబరు 25

ఒరేయ్ లివియో,

నువ్వు కుర్చీ ఎక్కిన సంగతి చదివి నవ్వాను. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గితే పక్కింటి నెల్డా పొలెంటా సంకటి కలిపే గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఇకమీదట నీ ఉత్తరాలు ముందు తను చదివి, నవ్వొచ్చే చోట్లు కొట్టేసి ఇస్తానంటోంది. కాబట్టి కాస్త ఏడుపుగొట్టుగా రాయి.

క్విన్‌బీ మీద అరవకు. చెడ్డవాడు కాదు. నా దవడపన్ను ఒకటి డబ్బు తీసుకోకుండా పీకాడు, పీకాల్సింది దాని పక్కది అనుకో. ఆ ముగ్గురి నియమం పెట్టించినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పట్లో ప్రతివాడూ తన సెంటు కొత్తదని ఊగిపోయేవాడు. ఎంతమందికి "కాదు" అని రాశానో నాకే గుర్తులేదు. ఇప్పుడు నా వంతు, ఓపిక పట్టాలి.

అయితే ఓపికే నా దగ్గర అరువు సరుకైపోయింది. నా ఊపిరితిత్తులు చూసే డాక్టరు నిన్న వచ్చాడు. "మంచు కరిగాక మళ్ళీ చూద్దాం" అన్నాడు, గోడమీది కేలెండర్ వైపు చూస్తూ. మంచు ఇంకా పడనే లేదు కదా! ఇది మీ అమ్మకు చెప్పకు.

నీకొక మాట చెప్పాలి. ఈ ఊరి శ్మశానంలో నేను చెక్కిన పేర్లు ఎన్నో. సెనేటర్లవి, బేకరీ వాళ్ళవి, పుట్టిన వారంలోనే పోయిన పసిగుడ్లవి. ఐవీ తీగలు, ఓక్ ఆకులు, కాయలు, ఏం చెప్తే అది చెక్కాను. రాయి చెక్కినవాడి పేరు రాయి మీద ఉండదు. నాకు పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఆ కాయ పక్కన 'బార్దోసీ' అని ఉంటే, ఎప్పుడో ఎవడో ఒక వెర్రివాడు అదే సెంటును వెలుతురుకు పట్టుకుని "ఇది బార్దోసీ కాయ" అంటాడు. నాకంతే చాలు. కానీ బతికుండగా చూడాలిరా. పోయాక వేస్తే అది కూడా సమాధి రాయే.

మామయ్య


స్ప్రింగ్‌ఫీల్డ్
నవంబరు 21

మామయ్యా,

అరవొద్దన్నావు. అరవలేదు. క్విన్‌బీ ఇంటికి వెళ్ళి చాలా మర్యాదగా తలుపు కొట్టాను. నన్ను లోపల కూర్చోబెట్టి వాళ్ళావిడ ఆపిల్ ముక్కలు కూర్చి కాల్చిన 'పై' పెట్టింది.

"మీ మామయ్య ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"సంఖ్య పడితే బాగుంటాడు."

"ఇంకో ముక్క వేసుకో."

"నాకు కావాల్సింది జవాబు ముక్క."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయటికి చూస్తూ, "నువ్వు ఆయన్ని చాలా ప్రేమిస్తావు కదూ?" అన్నాడు. ఏం ప్రశ్న ఇది? ఆస్పత్రిలో నర్సు అడిగినట్టు! ప్రేమతో పనేముంది, నియమంతో కదా పని? "మీకు సిగ్గుంటే..." అని మొదలుపెట్టాను. వాళ్ళావిడ నా ముందున్న పళ్ళెం తీసేసింది.

ఆ మర్నాడు మా ప్రెస్సులో మధ్యాహ్నం భోజనం మానేసి నేనే టైపు పేర్చి ఒక కరపత్రం వేశాను. మా ఫోర్‌మన్ చూసి, "యుద్ధం మీదా?" అని అడిగాడు. "రాగి నాణెం మీద" అన్నాను. నా నుదురు ముట్టుకుని చూసి వెళ్ళిపోయాడు. కొంచెం ఇక్కడ రాస్తున్నాను:

"రాగిదొరలారా! ఆ కాలంలో ప్రతి అచ్చూ ఒక పనివాడు చేత్తో చెక్కాడు. అందుకే ఏ రెండు అచ్చులూ ఒకలా ఉండవు, అందుకే మీకీ సరదా, మీకీ సంఘం. ఆ పనివాడి చేతిని మీరు పూజిస్తారు. ఇంకో పనివాడి కన్నును మాత్రం నమ్మరు! ఎల్వెజియో బార్దోసీ కాయను ఎవరు మింగారు?"

సభ్యుల జాబితాలో ఉన్న అందరికీ పోస్టు చేశాను. ఇప్పుడు ఎలా తప్పించుకుంటారో చూస్తాను.

నీ దగ్గు ఎలా ఉంది? ఈసారి నవ్వొచ్చేది ఏమీ రాయలేదు.

లివియో


బారీ
డిసెంబరు 12

లివియో,

సగం నేను రాస్తున్నాను, సగం నెల్డా రాస్తుంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నచోట అది నెల్డా.

నీ కరపత్రం నాకూ వచ్చింది, సభ్యుణ్ణి కదా. నీ బుద్ధి గడ్డి తిన్నదా? మిస్ యూలాలీ అందరి చిత్తుప్రతులూ దిద్ది దిద్ది కళ్ళు పాడుచేసుకున్న మనిషి. ఆమెను అందులో 'లైబ్రరీ దొరసాని' అంటావా? మీ అమ్మ నిన్ను చిన్నప్పుడు ఇంకో రెండు దెబ్బలు వేసి ఉండాల్సింది. "కాయను ఎవరు మింగారు" అన్న చోట మాత్రం, నిజం చెప్పొద్దూ, నెల్డా చేత రెండోసారి చదివించుకున్నాను.

(ఇక్కడినుంచి నెల్డా. మీ మామయ్య చెప్తున్నాడు, నేను రాస్తున్నాను. గ్లాసు ఎత్తితే చెయ్యి వణుకుతోంది, అది నేను సొంతంగా రాస్తున్న మాట.)

క్విన్‌బీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నీ మీద కోపం లేదట. "మూడో మనిషి మీ మేనల్లుడే అయితే మీకు సమ్మతమేనా?" అని అడిగాడు. నాకు సమ్మతమేరా! వెంటనే సరే అని రాయించాను. ఆకుల లెక్క, కాయల లెక్క నీకు నేర్పింది నేనే. అందరికంటే బాగా చూడగలిగేది నువ్వే. సెంటు నీకు రిజిస్టరు పోస్టులో వస్తుంది. ఇక నాకు దిగులు లేదు. ఇన్నాళ్ళూ పడుకుంటే భయం వేసేది, ఇవాళ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఫిబ్రవరి పత్రికలో పడుతుంది కదూ? అప్పటిదాకా ఉంటాను. తరవాత సంగతి తరవాత.

మామయ్య (సంతకం నాదే)


స్ప్రింగ్‌ఫీల్డ్
జనవరి 9, 1972

మామయ్యా,

సెంటు క్షేమంగా చేరింది. దూదిలో చక్కగా చుట్టి పంపారు.

ఇక్కడ మంచు విపరీతంగా ఉంది. ప్రెస్సులో నీళ్ళ గొట్టం పగిలింది. అమ్మ మోకాలు కాస్త నయం. నీకోసం ఉన్ని మేజోళ్ళు అల్లుతోంది, ఒకటి అయింది.

సెంటును ఇంకా సరిగ్గా చూడలేదు. వెలుతురు బాగోలేదు. వచ్చే ఆదివారం చూస్తాను.

మందులు మానకు.

లివియో


బారీ
జనవరి 15

లివియో,

నీ అంత పొట్టి ఉత్తరం నేను ఎరగను. పోస్టుకార్డులో కూడా నువ్వు పెట్టుబడిదారులను తిడతావు.

వెలుతురు బాగోలేదన్నావు. అబద్ధమాడటం నీకు రాదు.

అవునైతే అవునను. కాదైతే కాదను. నన్ను దూదిలో చుట్టకు.

మామయ్య


స్ప్రింగ్‌ఫీల్డ్
జనవరి 20

మామయ్యా,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చోవడం, లేచి అటూ ఇటూ తిరగడం, ఇదే పని. అమ్మ "ఏమైందిరా?" అంటే అమ్మ మీద అరిచాను.

సెంటు వచ్చిన రోజే చూశాను. కిటికీ దగ్గర, మంచు వెలుతురులో, ఇంతకంటే మంచి వెలుతురు ఉండదు. కుడి కొమ్మ మీద నువ్వన్న చోటే ఉంది. గుండ్రంగా ఉంది. కేక పెట్టాను, అమ్మ భయపడింది. ఆ తరవాత భూతద్దం ఇంకొంచెం దగ్గరికి తెచ్చాను.

తొడిమ లేదు, మామయ్యా.

మిగతా ప్రతి కాయకూ వెంట్రుకంత తొడిమ ఉంది, కొమ్మను పట్టుకుని. దీనికి లేదు. అంచు కొరికినట్టుంది. పై ఆకు కొసనుంచి సన్నటి బీట ఒకటి వచ్చి అందులో దిగుతోంది. నాకు నేర్పింది నువ్వే: అచ్చులో చిన్న పెచ్చు ఊడితే ఆ గుంటలోకి రాగి పొంగి నాణెం మీద బొడిపె లేస్తుంది. అయినా నమ్మలేదు. రైలెక్కి మిస్ యూలాలీ ఇంటికి వెళ్ళాను. మాట్లాడకుండా తన పెట్టెలోంచి ఇంకో 1797 సెంటు తీసి పక్కన పెట్టింది. అదే కొమ్మ. అవే ఆకులు, అవే వంపులు. ఆ చోట ఖాళీ. అదే అచ్చుతో, పెచ్చు ఊడకముందు కొట్టిన నాణెం.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నాను.

"జూన్‌లోనే" అంది. "నాకూ తెలిసింది, హార్లన్‌కూ తెలిసింది." అంటే క్విన్‌బీకి. "కాదని రాయడానికి ఎన్నోసార్లు కూర్చున్నాం. చెయ్యి రాలేదయ్యా. ఇంకా చూస్తున్నాం అంటూ ఉంటే ఆ మనిషి ఆశతోనే... వెళ్ళిపోతాడు కదా అనుకున్నాం."

"మరి నన్నెందుకు ఇందులోకి లాగారు?"

ఆమె ఏడ్చింది. "నువ్వు ప్రేమకొద్దీ అవునంటావని హార్లన్ ఆశపడ్డాడు. నువ్వంటే మేమూ అంటాం. ముగ్గురం సంతకం పెడదాం. ఎవరికి నష్టం?"

నేను కరపత్రం వేసి తిట్టింది వీళ్ళను! వాళ్ళ చేతుల్లో క్రూరత్వమే ఉందనుకున్నాను. ఉన్నది జాలి. క్రూరత్వమైతే ఎలా ఎదుర్కోవాలో కరపత్రాల్లో ఉంది. జాలికి ఏం చేయాలో ఏ కరపత్రంలోనూ లేదు.

ఒక్క మాట మామయ్యా, 'అవును' అని నేనంటే చాలు. ఫిబ్రవరి పత్రికలో నీ పేరు. ఆ పేజీ కూడా మా ప్రెస్సులోనే వేస్తామని ఒప్పించి నీ పేరుకు టైపు పేర్చాను. బా, ర్దో, సీ. చేత్తో తడిమాను. ఎంత బాగుందో! ఆ తరవాత అనిపించింది, నువ్వు ఎప్పుడైనా ఎవరి రాయి మీదైనా తప్పుడు పేరు చెక్కావా? వాళ్ళు ఎంత ఏడ్చి బతిమాలినా?

కాగితం మీద "కాదు" అని రాసి సంతకం పెట్టాను. పోస్టు చేశాను. డబ్బాలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి లాగబోయాను, అందలేదు. నన్ను ఏమైనా అను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు. నీ ఇల్లు, నీ మంచం, గోడవైపు తిరిగి పడుకున్న నువ్వు, ఇవే కళ్ళముందు ఆడుతున్నాయి. నేనే చంపినట్టుంది.

లివియో


బారీ
జనవరి 27

శ్రీ లివియో ప్రాట్ గారికి,

'ఒరేయ్' అనేది దగ్గరివాళ్ళను పిలిచే మాట కనుక ఈ ఉత్తరంలో వాడటం లేదు.

తమరి తీర్పు అందింది. తొడిమ లేదట! అయ్యా, తమరు వెలుతురు ఏ పక్కనుంచి పట్టారు? మంచు వెలుతురు అన్నారు. మంచు వెలుతురు కిందనుంచి కొడుతుందని, దాంతో ఎత్తు పల్లంగానూ పల్లం ఎత్తుగానూ కనిపిస్తుందని తమకు ఎవరూ చెప్పలేదా? నేను చెప్పాను! తమకు పదేళ్ళప్పుడు, ఈ వంటింట్లోనే, తమరు నా జున్ను దొంగిలించి తింటూ విన్నారు!

నలభై ఏళ్ళు రాతి మీద ఆకులు చెక్కినవాణ్ణి. చివరి కాయ దగ్గరికి వచ్చేసరికి ఉలి మొద్దుబారుతుంది, కడుపు కాలుతుంది, మేస్త్రీ కేకలేస్తాడు. తొడిమ సన్నగా గీసి వదిలేస్తాం. అది ముందుగా అరిగిపోతుంది. 1797లో చెక్కినవాడికి మాత్రం ఆకలి వేయదా? పెచ్చు ఊడితే బొడిపె గుండ్రంగా ఎలా వస్తుందండీ? దేవుడు కంపాసు పెట్టి ఊడగొట్టాడా? ఇక ఆ యూలాలీ గారి సెంటు! ఆ చోట అరుగుదల ఎంతో ఎవరైనా చూశారా? పక్కపక్కన పెట్టగానే తమరు నోరు తెరుచుకుని నిలబడ్డారు. తమ కళ్ళకు కరపత్రాల మసి పట్టింది.

ఇక ఆ ఇద్దరూ. జూన్‌నుంచి తెలుసట! నాకు జాలి భిక్ష పెట్టారట! నేను అడుక్కున్నానా? నేనెవరికైనా "కాదు" అని చెప్పడానికి ఏడ్చానా? జాలిపడి వాయిదా వేయడానికి వాళ్ళెవరు, నా ఊపిరికి వాళ్ళు కాపలాదార్లా? తమరు ఒక్కరే మొహంమీద చెప్పారు, అదీ తప్పు చెప్పారు!

నియమం చివర ఇంకో వాక్యం ఉంది. చదివి ఉండరు. నాణెం తాలూకు మనిషి ఒప్పుకోకపోతే ముగ్గురూ ఆయన ఎదురుగా కూర్చుని మళ్ళీ చూడాలి. ఒప్పుకోవడం లేదు! నా కిటికీ దగ్గర, ఎడమనుంచి పడే ఎండలో, నా భూతద్దంతో, నేను చూపించిన చోట చూడాలి. తొడిమ కనబడకపోతే నేనే కాదని సంతకం పెడతాను. కనబడిందా, నీ చెవులు పిండి ఆ కాగితం నీ చేతే తినిపిస్తానురా వెధవా!

ఎల్వెజియో బార్దోసీ

(నెల్డా: ఇదంతా తనే రాశాడు. మంచం దిగి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను పట్టుకోబోతే గరిటెతో కొడతానన్నాడు, నా గరిటెతోనే. రాశాక చాలా ఆయాసపడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. తొందరగా రా.)


స్ప్రింగ్‌ఫీల్డ్
జనవరి 31

మామయ్యా,

నువ్వు నన్ను 'అండీ' అన్న వాక్యాలు అమ్మకు చదివి వినిపించాను. అమ్మ నవ్వి, కూర్చుండిపోయి, ఆ తరవాత ఏడ్చింది.

నేను రాసింది మార్చను. నాకు తొడిమ కనిపించలేదు. నీ ఉత్తరం చదివాక సెంటును ఎడమనుంచి ఎండ పడేలా పట్టి మళ్ళీ చూశాను, అప్పుడూ కనిపించలేదు. నువ్వు చూపిస్తే చూస్తాను, అప్పుడు కూడా కనిపించకపోతే నీ మొహంమీదే చెప్తాను. చెవులు ఇక్కడే ఉన్నాయి, పిండుకో.

క్విన్‌బీకి ఫోన్ చేసి నీ మాటలు ఉన్నదున్నట్టు చదివాను, "నా ఊపిరికి కాపలాదార్లా" అన్నది కూడా. తరవాత, "ఎల్వెజియో అలా తిట్టాడా? నిజంగా అలాగే తిట్టాడా?" అన్నాడు. మంచులో జారకుండా కారు చక్రాలకు గొలుసులు వేయించుకుంటున్నాడు. మిస్ యూలాలీ తన సెంటునూ తీసుకుని వస్తోంది. అరుగుదల సంగతి నీతోనే తేల్చుకుంటుందట, తన మాటలో చెప్పాలంటే "ఆ రాళ్ళు చెక్కేవాడి పొగరు" అణచాలట. నియమం ప్రకారం ముగ్గురం వస్తున్నాం.

ఉత్తరాన దారి మంచుతో మూసుకుపోయిందని రేడియోలో చెప్తున్నారు. తెరవగానే బయలుదేరతాం. తెరవకపోతే నేను ఒక్కణ్ణే నడిచైనా వస్తాను. సెంటు నా లోపలి జేబులో ఉంది. రిజిస్టరు పోస్టులోనే పంపాలన్న నియమం ఉంది, దాన్ని తుంగలో తొక్కాను.

నెల్డాకు ఫోన్ చేశాను. డాక్టరు ఏమన్నాడో చెప్పబోయింది. వద్దన్నాను. నువ్వు ఏం చేస్తున్నావని మాత్రం అడిగాను. కిటికీ దగ్గరికి బల్ల లాగించుకున్నావట, మేం ఎవరం ఎక్కడ కూర్చోవాలో నిర్ణయిస్తున్నావట, నాకు స్టూలు మాత్రమే ఇస్తానన్నావట.

స్టూలు మీదే కూర్చుంటాను. మేం గుమ్మం ఎక్కేదాకా ఆ కోపం మాత్రం చల్లారనివ్వకు, మామయ్యా.

లివియో